పొద్దుటి పిలుపు

జనవరి మధ్యలో హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 6 గంటల 50 నిమిషాలకు పొడుస్తాడు. జూన్ మొదట్లోనైతే 5 గంటల 40 నిమిషాలకే తెల్లారిపోతుంది. రెండు కాలాలకూ గంటకు పైగా తేడా. ఉప్పల్ రింగ్ రోడ్డులో ఆగే కంపెనీ బస్సుకు గానీ, నాచారం సందుల్లోకి వచ్చే స్కూల్ వ్యానుకు గానీ ఈ తేడాతో పనిలేదు. జూన్‌లో ఏడున్నరకు వచ్చింది డిసెంబరులోనూ ఏడున్నరకే వస్తుంది. మనం మాత్రం అరగంట ఎక్కువసేపు దుప్పటి కప్పుకుంటాం. ఆ అరగంటను దేన్నుంచి కోస్తాం? స్నానం మానం, డబ్బా సర్దుకోవడం మానం, ఫోన్ చూడటం అసలే మానం. మరుగుదొడ్డిలో తీరుబడిగా కూర్చునే పది నిమిషాలు అన్నిటికంటే ముందు ఎగిరిపోతాయి.

చలికాలంలో కడుపు బిగిసిందంటే అందరూ చలినే తిడతారు. నన్నడిగితే చలిది చిన్న పాత్ర. అసలు నష్టం పొద్దున జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే పెద్దపేగు ఏ వేళకు ఏం చేస్తుందో కొంచెం చూడాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. రోజూ విరేచనం కాకపోతే జబ్బేనని మనవాళ్ల గట్టి నమ్మకం. వైద్యుల లెక్కలో రోజుకు మూడుసార్లు నుంచి వారానికి మూడుసార్లు దాకా అంతా మామూలే. దానికి తిరగేసిన మాటా నిజమే: రోజూ వెళ్తున్నా గట్టిగా ముక్కాల్సి వస్తే, ఉండలు ఉండలుగా వస్తే, లేచాక కూడా ఇంకా మిగిలిందనిపిస్తే అది మలబద్ధకమే. మందుల షాపుకొచ్చి గొంతు తగ్గించి ‘మోషన్ ఫ్రీగా అయితలేదన్నా’ అని అడిగేవాళ్లలో ఈ రెండో రకం వాళ్లూ తక్కువేం కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఆసుపత్రి వైద్యులు లూయిస్, హీటన్ 1997లో మలాన్ని రూపాన్ని బట్టి ఏడు తరగతులుగా విడగొట్టారు. మేకపెంటికల్లాంటిది మొదటి తరగతి, నీళ్లలాంటిది ఏడోది. మూడు, నాలుగు మంచివి. ఎన్నిసార్లు వెళ్లామన్నదానికంటే ఎలా వచ్చిందన్నదే పేగు వేగాన్ని బాగా చెబుతుందని వాళ్లు తేల్చారు. చూసుకోవడానికి మొహమాటపడేవాళ్లకు ఇది కొంచెం ఇబ్బందే, కానీ డాక్టరుకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం మరొకటి ఉండదు.

ఒక రోజులో మన చిన్నపేగులోకి దాదాపు 9 లీటర్ల ద్రవం వస్తుంది. అందులో మనం తాగింది, తిన్నదానిలోది కలిపి రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం వంటి మన సొంత స్రావాలు. చిన్నపేగు చాలావరకు పీల్చేసుకుని లీటరున్నర పెద్దపేగుకు పంపుతుంది. అందులోంచి పెద్దపేగు మళ్లీ పీల్చుకోగా, మలంతో బయటికి పోయే నీరు నూరు, రెండు వందల మిల్లీలీటర్లు. పెద్దపేగు పిసినారి. తన దగ్గర సరుకు ఎంతసేపు ఆగితే అంత నీళ్లు లాగుతుంది. నిన్న పోవాల్సింది రేపటికి గట్టిపడేది అందుకే.

ఆ సరుకును కదిలించేది పేగు కండరాల పెద్ద అల. ఇలాంటి పెద్ద అలలు సగటున రోజుకు ఐదారే వస్తాయి. అవీ వేళాపాళా లేకుండా రావు. నిద్రలో పెద్దపేగు దాదాపు ఊరుకుంటుంది. లేవగానే ఒకసారి, కడుపులో తిండి పడగానే మరోసారి ఊపందుకుంటుంది. నిద్రలేవడం, పొద్దుటి ఫలహారం రెండూ కలిసొచ్చే వేళ కాబట్టి చాలామందికి రోజు మొత్తం మీద బలమైన పిలుపు అప్పుడే వస్తుంది. కాఫీ దానికి తోడవుతుంది. 1990లో ఇంగ్లండులో చేసిన ఒక పరిశోధనలో కాఫీ తాగిన కొందరికి నాలుగు నిమిషాల్లోనే పేగు చివరి భాగంలో కదలిక పెరిగింది. ‘కాఫీ చుక్క పడితే గానీ నాకు కాదు’ అనే పెద్దాయన మాటలో చాదస్తం లేదన్నమాట.

మరి ఆ పిలుపును కాదంటే? మలాశయం కాసేపు చూసి సర్దుకుంటుంది, పిలుపు చల్లబడుతుంది. అంతటితో అయిపోతుందా అన్నది తేల్చడానికి జర్మనీలో 1990లో ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. ఏ జబ్బూ లేని పన్నెండు మంది మగవాళ్లను వారం రోజులపాటు వీలైనంత ఆపుకోమన్నారు. వాళ్లు వెళ్లడం తగ్గింది, మలం బరువు తగ్గింది. అంతకంటే ముఖ్యం, మలాశయానికి చాలా ఎగువన, పెద్దపేగు కుడివైపు మొదటి భాగంలో కూడా సరుకు నడక నెమ్మదించింది. చివర తలుపు మూస్తే మొదట్లోనూ వేగం పడిపోయింది. మలబద్ధకాన్ని నేర్చుకోవచ్చా అని వాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు, నేర్చుకోవచ్చని.

ఉప్పల్‌లో దీన్ని రోజూ నేర్చుకుంటున్నారు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో మొదలయ్యాక కూడా ఇక్కడి నుంచి హైటెక్ సిటీకి చేరాలంటే ఇంటి గడప నుంచి ఆఫీసు గేటు దాకా గంటన్నర అనుకోవాల్సిందే. ఏడున్నరకు బయల్దేరేవాడు ఏడు గంటలకు లేస్తే, పేగు లేచేసరికి మనిషి బస్సులో ఉంటాడు. టిఫిన్ దారిలో ఏ బండి దగ్గరో తింటాడు. ఇడ్లీ కడుపులో పడుతుంది, పిలుపు వస్తుంది, అప్పటికి అతను తార్నాక సిగ్నల్ దగ్గర నిలబడి ఉంటాడు. ఆపుకుంటాడు. ఆఫీసుకు చేరేసరికి ఆ కబురే ఉండదు. పిల్లల సంగతి ఇంకా కష్టం. బడి మరుగుదొడ్డి వాసన చూసిన పిల్ల సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది. రెండు రోజులకు గట్టిపడి, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మూడో రోజు మరింత బిగబడుతుంది. పిల్లల మలబద్ధకంలో ఎక్కువ భాగం కథ ఇంతే.

నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు మనుషుల గడియారం ఇంకో రకం. రాత్రి డ్యూటీ వాళ్లు పేగు పడుకున్న వేళ, ఒంటిగంటకో రెండింటికో తింటారు. పేగు లేచే వేళకు వాళ్లు పడుకుంటారు. వారానికోసారి షిఫ్టు మారితే పేగుకు ఏ వేళా అలవాటు కాదు. దీనికి నీళ్ల లెక్క ఒకటి తోడు. మరుగుదొడ్డికి పదిసార్లు పోతే సూపర్‌వైజర్ చూపు ఎలా ఉంటుందో తెలిసిన ఆడవాళ్లు నీళ్లే తగ్గించేస్తారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో తాగునీటికి, మరుగుదొడ్లకు విడివిడిగా సెక్షన్లుండేవి. కార్మికులు ఏ వేళకైనా వెళ్లగలిగేలా మరుగుదొడ్లు ఉండాలని, 250 మందికి మించిన చోట ఎండాకాలం చల్లని నీళ్లు ఇవ్వాలని రాశారు. చలికాలం గోరువెచ్చని నీళ్ల ఊసు అందులో లేదు. రాసిన పెద్దలకు డిసెంబరులో దాహం గుర్తుకు రాలేదేమో.

మనకూ గుర్తుకు రాదు. చలిలో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం ఒంటి లోపలి భాగానికి చేరుతుంది. లోపల రక్తం నిండుగా ఉండటంతో, ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయని మెదడు పొరబడుతుంది. దాహం మందగిస్తుంది, మూత్రం ఎక్కువవుతుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధనలో చలిలో దాహం 40 శాతం దాకా తగ్గింది. అయితే వాళ్లు మనుషుల్ని ఉంచింది 4 డిగ్రీల గదిలో. మన నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతే 1946 జనవరిలో 6.1 డిగ్రీలు, మామూలు డిసెంబరు రాత్రి 14, 15 దగ్గర ఆగుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ చొక్కా చేతులు మడుస్తాం. కాబట్టి ఆ 40 శాతాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఉప్పల్‌కు అతికించకూడదు. చలికాలంలో చెమట తక్కువ కాబట్టి అవసరమూ కొంత తగ్గుతుంది. అవసరం తగ్గినదానికంటే తాగడం ఎక్కువగా తగ్గినప్పుడే చిక్కు. మధ్యాహ్నానికి మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే చిక్కులో ఉన్నట్టే.

‘పరగడుపున లీటరు వేడినీళ్లు తాగు, అన్నీ కడుక్కుపోతాయి’ అనేది మరో మాట. కడుక్కుపోవు. ఒంటికి అక్కర్లేని నీరు పెద్దపేగుకు చేరకుండానే మూత్రపిండాల దారి పడుతుంది. నీరు మలంలో నిలవాలంటే దాన్ని పట్టి ఉంచేది ఒకటి ఉండాలి. అది పీచు. ఇటలీలో 1998లో 117 మంది మలబద్ధక రోగులకు రోజుకు 25 గ్రాముల పీచున్న తిండి పెట్టారు. సగం మందిని ఇష్టమొచ్చినన్ని నీళ్లు తాగమన్నారు, మిగతావాళ్లకు రెండు లీటర్లు నియమం. రెండు గుంపులకూ మెరుగైంది, రెండు లీటర్ల వాళ్లకు ఎక్కువ మెరుగైంది. పీచు లేని నీరు, నీరు లేని పీచు రెండూ అరకొర పనులే. రెండోది ఒక్కోసారి కొత్త బాధ కూడా.

పీచు మాట వచ్చింది కాబట్టి నాచారం నుంచి తార్నాక వైపు నాలుగు అడుగులు వెళ్లాలి. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉంది. 1918లో తమిళనాట కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో ఈ పేరు పెట్టుకుంది. మెక్‌కారిసన్ 1921లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఇచ్చిన ఉపన్యాసం విషయమే చెడ్డ తిండికీ పేగు జబ్బులకూ ఉన్న సంబంధం. అర్ధశతాబ్దం తర్వాత, 1972లో, ఆఫ్రికాలో చాలాకాలం పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు సహచరులతో కలిసి మలాన్ని తూకం వేసి అదే సంగతిని అంకెల్లో చూపించాడు. ఉగాండా పల్లెల్లో మనిషి రోజుకు 400 గ్రాములకు పైగా వెళ్తుంటే, బ్రిటిష్ నావికాదళం వాళ్లది నూరు గ్రాముల చిల్లర. తిన్నది బయటపడటానికి వాళ్లకు ఒకటిన్నర రోజు, వీళ్లకు మూడున్నర రోజులు.

తార్నాక సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు తీసి చూస్తే మన కథ మనకు కనబడుతుంది. నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. జొన్నల్లో 10 గ్రాములు, సజ్జలు, రాగుల్లో 11 గ్రాముల చొప్పున. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో జొన్న రొట్టె, జొన్న గటక రోజువారీ తిండి. వరన్నం పండగకో పెళ్లికో. తరి పొలాలు పెరిగాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. పేదింట్లో మూడు పూటలా అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టే సాహసం నేను చేయను. పైగా జొన్ననే నమ్ముకున్నవాళ్లలో పెల్లాగ్రా జబ్బు ఎక్కువని తేల్చింది కూడా ఇదే సంస్థ శాస్త్రవేత్తలు. అయినా రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషి కంచంలో ధాన్యం వల్ల వచ్చే పీచు 8 గ్రాములే. పెద్దవాళ్లకు కనీసం 25 గ్రాములు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మిగతా 17 గ్రాములు పప్పు, కూర, పండు నుంచి రావాలి. చెంచాడు కూరతో గంపెడన్నం తినే అలవాటుకు అది అందే లెక్క కాదు.

చిత్రమేమిటంటే జొన్న రొట్టె సాయంత్రాలు మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. రామంతాపూర్ నుంచి ఉప్పల్ దాకా చీకటి పడే వేళకు పెనాలు వేడెక్కుతాయి. రొట్టెలు చేసే ఆమె పిండిలో సలసల కాగే నీళ్లు పోసి గరిటెతో కలుపుతుంది, చేయి పట్టేంత చల్లారాక మడిచి మడిచి పిసుకుతుంది. జొన్నలో గోధుమకున్న జిగురు మాంసకృత్తు లేదు. వేడినీళ్లకు ఉడికిన పిండిపదార్థమే ముద్దను పట్టి ఉంచుతుంది. రెండు అరచేతుల మధ్య తట్టుతూ తిప్పుతూ పలుచన చేసి, పెనం మీద వేసి పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. ఎక్కువగా కొనేది షుగరున్నవాళ్లు. రెండు రొట్టెలకు వంద గ్రాముల పిండి పట్టిందనుకుంటే పది గ్రాముల పీచు. అంతే బియ్యం వండుకుంటే వచ్చేదానికి మూడింతలకు పైన.

చలికాలమే ఈ ప్రాంతంలో పీచుకు మంచి కాలం. చిక్కుడు, అనపకాయ, పాలకూర, మెంతికూర, రేగుపళ్లు, జామ, అన్నీ అప్పుడే. నూరు గ్రాముల జామకాయలో పీచు 8 గ్రాములకు పైమాట. ఒక్క కాయ రోజు బాకీలో మూడోవంతు తీరుస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెద్దవాళ్లు జామ తింటే జలుబు, రేగుపళ్లు తింటే దగ్గు అని పిల్లల చేతిలోంచి లాక్కుంటారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, జామ వల్ల కాదు. లాక్కున్న చేతులే సంక్రాంతికి డబ్బాలు నింపుతాయి: సకినాలు, గారెలు, మురుకులు, అరిసెలు. అన్నీ బియ్యప్పిండి, నూనె. సకినాల్లో వేసే నువ్వులు, వాము మాత్రమే కాస్త పరువు నిలబెడతాయి. పండగ అయిన పది రోజుల దాకా టీలోకి అవే. నేను కూడా వాటిని వదులుకోమని చెప్పను. పక్కన ఒక జామకాయ కోసుకోమంటాను.

పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గ్యాసు తంటా. పెద్దపేగులోని బ్యాక్టీరియాకు కొత్త మేత అలవాటు కావాలి. ఎండబెట్టిన మలంలో పావు వంతు నుంచి సగం దాకా ఆ బ్యాక్టీరియానే కాబట్టి వాటిని పోషించడమంటే మలం బరువు పెంచడమే. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుకోవాలి. సద్దన్నం తినేవాళ్లకు ఇక్కడ చిన్న లాభం: వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగని రూపంలోకి మారి, పీచులాగే కిందికి చేరుతుంది. లాభం చిన్నదే. సద్దన్నం గొప్పలు చెప్పే వీడియోలు నమ్మించినంత కాదు.

ఇప్పుడు కూర్చునే తీరు. మలాశయం చివర ఒక కండరం ఉచ్చులా చుట్టుకుని దాన్ని ముందుకు వంచి పట్టుకుంటుంది. మనం నిలబడ్డప్పుడు ఏదీ జారకుండా కాపాడేది అదే. గొంతుకు కూర్చుంటే ఆ వంపు నిటారవుతుంది. ఇజ్రాయెల్‌లో సికిరోవ్ అనే వైద్యుడు 2003లో 28 మందిని మూడు విధాలుగా కూర్చోబెట్టి గడియారం పట్టాడు. గొంతుకు కూర్చుంటే సగటున 51 సెకన్లు, మామూలు ఎత్తు కమోడ్ మీద 130 సెకన్లు. ఉప్పల్ కొత్త అపార్ట్‌మెంట్లలో ఇండియన్ టాయిలెట్ దాదాపు కనుమరుగైంది. మోకాళ్లు పట్టేసిన పెద్దవాళ్లకు కమోడే దిక్కు కూడా. కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని, కొంచెం ముందుకు వంగితే చాలావరకు సరిపోతుంది.

పొద్దుటి పనికి వస్తే, కావలసింది ఇరవై నిమిషాలు. బస్సు ఏడున్నరకైతే ఆరుంబావుకు లేవడం, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లో కాఫీయో తాగడం, ఏదైనా ఇంట్లోనే తినడం, తిన్న పావుగంటకు పిలుపు వచ్చినా రాకపోయినా పీట వేసుకుని ఐదారు నిమిషాలు కూర్చోవడం. ఫోన్ బయటే. రాలేదా, లేచిపోవాలి, ముక్కితే మొలలు, మలద్వారం చీలే ఫిషర్. షిఫ్టు మనుషులు తమ రోజు ఎప్పుడు మొదలైతే అప్పుడే దీన్ని పెట్టుకోవాలి; నిద్ర లేచి మొదటి తిండి తిన్న వేళే వాళ్లకు పొద్దు. పిల్లలకైతే బడి నుంచి వచ్చి తిన్న తర్వాతైనా సరే, వేళ ఒకటే ఉండాలి.

దానితో కాకపోతే మందులున్నాయి, భయపడనక్కర్లేదు. ఇసబ్‌గోల్ ఒక గింజ పైపొట్టు. నీటిని పట్టుకుని జిగురుగా ఉబ్బుతుంది. దాన్ని నిండు గ్లాసు నీళ్లతో వెంటనే తాగెయ్యాలి, మింగడం కష్టమైనవాళ్లు జోలికి పోకూడదు. రెండు మూడు రోజులకు గానీ ఫలితం తెలియదు. లాక్టులోజ్ సిరప్, పీఈజీ పొడి పేగులోకి నీటిని రప్పిస్తాయి. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా అంతే, మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు మాత్రం పనికిరాదు. సునాముఖి ఆకు పేగు కండరాన్నే తట్టిలేపుతుంది. ఆముదమూ ఆ జాతిదే. మన ఇళ్లలో పిల్లల ముక్కు మూసి ఆముదం పట్టించి, ఆ రోజంతా చారన్నం పథ్యం పెట్టేవాళ్లు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండర కణాల మీది ఏ గ్రాహకాన్ని పట్టుకుని పనిచేస్తుందో జర్మన్ శాస్త్రవేత్తలు 2012లో గానీ కనుక్కోలేకపోయారు. గర్భిణులకు ఆముదం ఇవ్వకూడదు. ఇలాంటి విరేచనకారులు వేసుకున్నవాళ్లు తరచూ ఒక ఉచ్చులో పడతారు: పేగు మొత్తం ఖాళీ అవుతుంది, మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ ఏమీ కాకపోవడం మామూలే. అది తెలియక మర్నాడే మరో మోతాదు వేస్తారు.

ఇంట్లో మందుల డబ్బా కూడా ఒకసారి తిప్పి చూడాలి. ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులు, కొన్ని బీపీ, దగ్గు మందులు పేగును బిగిస్తాయి. చలికాలం దగ్గుకు తాగిన కోడీన్ సిరప్ మర్నాటి కష్టానికి కారణమని చాలామందికి తట్టదు.

ఉప్పల్ ఫ్లైఓవర్ స్తంభాల మీద, ఆటోల వెనక ‘మొలలకు ఆపరేషన్ లేకుండా శాశ్వత పరిష్కారం’ అనే కాగితాలు కనిపిస్తాయి. రక్తం పడినప్పుడు మనిషి ముందు ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. రక్తం చాలాసార్లు మొలలదే, కానీ చూడకుండా ఎవరూ ఆ మాట చెప్పకూడదు. యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్: వీటిలో ఏది ఉన్నా పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే అదే గంటలో వెళ్లాలి.

చలికీ మలబద్ధకానికీ నిజమైన చుట్టరికం ఉన్న జబ్బు ఒకటుంది. ఫిబ్రవరి చివర ఇంట్లో అందరూ ఫ్యాన్ వేసుకుంటుంటే ఒక్కామె స్వెట్టర్ విప్పదు. ఒళ్లు బరువెక్కింది, జుట్టు రాలుతోంది, ఎప్పుడూ నీరసం, నాలుగు రోజులకోసారి విరేచనం. ఇంట్లోవాళ్లు చలికాలం పోలేదంటారు. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఒంటి వేడి, పేగు వేగం రెండూ కలిసే తగ్గుతాయి. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మొదట టీఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్ష చాలు. గ్రంథి మందగించిందని తేలితే చాలామందికి వాడాల్సింది రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర. అప్పటికే ఇసబ్‌గోల్, ఐరన్, క్యాల్షియం వాడుతున్నవాళ్లు వాటికీ ఈ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం పెట్టుకోవాలి, లేకపోతే అవి మాత్రను ఒంటికి పట్టనివ్వవు.